ముద్రయు రక్షయు: గేయచౌర్య విచారము

తన పాటను పరులు హరింతురను భయము పదకర్తలకుఁ గ్రొత్తది గాదు. కావ్యకర్త కీ భయము కొంత తక్కువ. కావ్యమునకు అవతారిక కలదు. అందు గురుస్తుతియు, పూర్వకవిస్తుతియు, కవివంశ కృతిపతివంశ వర్ణనములును గలవు. ఆశ్వాసము ముగిసినచోట నెల్ల గద్యము కలదు. అట్టి గ్రంథమును దొంగిలింపఁ దలఁచినవాఁడు పేరు మార్చుటకుఁ బెక్కుచోట్ల గంటము పెట్టవలసి వచ్చును. పాట యట్లు గాదు. పల్లవి యొకటి, చరణములు రెండు మూఁడు. విన్నవాఁడు మఱునాఁడు పాడఁగలఁడు. ఆ మఱునాఁడు తనదే యనఁగలఁడు. ఇంత సులభముగఁ జేతులు మాఱు సొత్తునకుఁ బెద్దలు పెట్టిన గుఱుతు ముద్ర యొక్కటియే.

ముద్ర యనఁగా పదకర్త తన పేరునో, ఇష్టదైవము పేరునో, ఊరి పేరునో పాటలో, సాధారణముగఁ జివరి చరణమున, పొదుగుట. క్షేత్రయ్యకు మువ్వగోపాలుఁడు, సారంగపాణికి వేణుగోపాలుఁడు, ముత్తుస్వామి దీక్షితులకు గురుగుహుఁడు, శ్యామశాస్త్రికి శ్యామకృష్ణుఁడు ముద్రలైరి. త్యాగరాజునకు స్వనామమే ముద్ర. ముద్ర గలదు గనుక పాట పదిలమను తలంపు లోకమున నున్నది. ఆ తలంపు ఎంతవఱకు నిలుచునో, ముద్ర చేయఁజాలని పనిని నేఁటి శాసన మెంతవఱకుఁ జేయుచున్నదో పరిశీలింపఁదగియున్నది.

ముందుగా చౌర్యమన నేమియో నిర్ణయింపవలెను. ఏడవ శతాబ్దివాఁడైన బాణభట్టు హర్షచరితారంభమున కవిచోరుని గూర్చి చెప్పుచు, అక్షరములను మార్చుటయు, రచనలోని గుఱుతులను గప్పిపుచ్చుటయు వాని లక్షణములని సూచించెను. తొమ్మిదవ శతాబ్దియందు ఆనందవర్ధనుఁడు ధ్వన్యాలోకపు నాలుగవ యుద్ద్యోతమున కవుల సంవాదమును మూఁడు తెఱఁగులుగ విభజించెను. అద్దములోని నీడవంటిది యొకటి, చిత్తరువువంటిది యొకటి, ఒకరినొకరు పోలిన యిరువురు మనుష్యులవంటిది మూఁడవది. మొదటి రెండును విడువఁదగినవనియు, మూఁడవది దోషము గాదనియు నాతని తీర్పు. పోలిక యున్నంతమాత్రమున నిరువు రొక్కరు గారు గదా! రాజశేఖరుఁడు కావ్యమీమాంసలో హరణమును బ్రత్యేకాధ్యాయములలో విచారించి, శబ్దహరణ మనియు అర్థహరణ మనియు వింగడించి, ప్రతిబింబకల్పము, ఆలేఖ్యప్రఖ్యము, తుల్యదేహితుల్యము, పరపురప్రవేశసదృశము అను భేదములను జూపెను. దొంగ గాని కవియే లేఁడని, దాఁచనేర్చినవాఁడు నింద తప్పించుకొనునని లోకజ్ఞతతోఁ బలికినవాఁ డాతఁడే. ఈ మువ్వురి విచారమునందును సారమొక్కటి: భావ మెల్లరిది, దానికిఁ గల్పించిన రూపము కల్పించినవానిది.

అయితే వీరి విచారము శ్లోకమును గూర్చినది. పాటకు రెండు శరీరములు గలవు. సంగీతశాస్త్రము వానిని మాతువు, ధాతువు అని పేర్కొన్నది. మాతువు పలుకు, ధాతువు స్వరరచన. రెంటిని గూర్పఁగలవాఁడే వాగ్గేయకారుఁడు. పదుమూఁడవ శతాబ్దియందు శార్ఙ్గదేవుఁడు సంగీతరత్నాకరములోఁ బ్రకీర్ణకాధ్యాయమున వాగ్గేయకారుల తారతమ్యమును నిరూపించుచు, పరుల ధాతువునకుఁ దన మాతువును జేర్చువానికి కుట్టికారుఁ డని పేరు పెట్టెను. ఈ పేరు మిక్కిలి విలువగలది. ఒకరి వరుసకు మఱియొకరు మాటలు గట్టుట శాస్త్రకారు లెఱిఁగినదే. దానిని నేరమనక, తరగతిలోఁ గ్రిందికి దించి, గుర్తింపుగలుగ నొక పేరిచ్చిరి. వరుస యెవరిదో చెప్పినంతకాలము కుట్టికారుఁడు కుట్టికారుఁడే. చెప్పక, రెండును దనవే యన్నపుడు బాణుని నిర్వచనములోనికి వచ్చును. కాఁబట్టి గేయచౌర్య విచారమున మూఁడు ప్రశ్నలు వేఱువేఱుగ నడుగవలెను: మాట యెవరిది? వరుస యెవరిది? పేరు నిలిచినదా? ముద్ర యీ మూఁటిలో మూఁడవదానికి మాత్రమే యుద్దేశింపఁబడినది.

తెలుఁగున నీ బాధను వెలిపుచ్చిన పదకర్తలలోఁ దాళ్ళపాక అన్నమాచార్యుఁడు ముఖ్యుఁడు. ఆతఁడు 1408 మొదలు 1503 వఱకు జీవించినవాఁడు. తన సంకీర్తనములకు ఛాయలు గట్టువారిని గేలిచేయుచు నాతఁడు రచించిన సంకీర్తన మొకటి కలదు. అందలి దృష్టాంతములు పరికింపఁదగినవి. ఒకరు తలఁ దాల్చి తీసివేసిన పూవును, ఒకరు భుజించి విడిచిన విస్తరిని జూపి, అనుకరించిన పాటయు నట్టిదే యని యాతఁడు తెలిపెను. ఇందు సొమ్ముమాట లేదు. కీర్తి పోయెనను వగపును లేదు. ఉచ్ఛిష్టము దేవుని కర్హము గాదనుటయే వాదము. అనగా చౌర్యమువలనఁ జెడినది కవి హక్కు గాదు, నివేదనము. దేవునియెదుట నిలిచినవాఁడు తన పలుకునే తేవలెనను నీ వాదము పదకవితా ధర్మమున కొక మూలసూత్రము.

అన్నమయ్య ముద్ర మాత్ర మాతని కేమంత తోడ్పడలేదు. ఆ ముద్ర వేంకటేశ్వరునిది. కుమారుఁడు పెదతిరుమలాచార్యుఁడును, మనుమఁడు చినతిరుమలాచార్యుఁడును ఆ దైవమునే కీర్తించి యా నామమునే ముద్రగా నిలిపిరి. పాట నొంటిగఁ దీసి చూచినవానికి తండ్రిది యేదో, కొడుకుది యేదో, మనుమనిది యేదో ముద్ర చెప్పదు. చెప్పునది రాగిరేకు. తాళ్ళపాకవారు తమ సంకీర్తనములను రెండువేలకు మించిన రేకులపైఁ జెక్కించి తిరుమల యాలయములోని సంకీర్తన భాండారమున నుంచిరి. రేకుల మొదట అన్నమాచార్యుని పేరును, శకము 1346 మొదలు 1424 వఱకు నాతఁడు సంకీర్తనములు చెప్పిన కాలమును వ్రాయఁబడియున్నవి. కర్త పేరు, కాలము, పాఠము ఒక్కచోట నిలిచిన యీ రేకులకంటె గట్టి సాక్ష్యము తెలుఁగు గేయచరిత్రములో వేఱొకటి లేదు.

ఆ గట్టితనమునకుఁ జెల్లించిన వెలయుఁ జిన్నది గాదు. అన్నమయ్య 32,000 సంకీర్తనములు చెప్పెనని మనుమఁడు చినతిరువెంగళనాథుఁడు ద్విపదచరిత్రమున వ్రాసెను. అందు లభించినవి పండ్రెండువేలకుఁ గొంచె మెక్కువ. భాండారమున నున్నంతకాల మా పాటలలోఁ బెక్కింటిని దొంగిలించినవాఁడు లేఁడు, పాడినవాఁడును లేఁడు. ఇరువదవ శతాబ్దిలో పండితులు రేకులను వెలికిఁ దీసి చదువునప్పటికి మాతువు నిలిచినది, రాగము పేరు నిలిచినది. స్వరలిపి లేకపోవుటచే ధాతువు మాత్రము గాలిలోఁ గలసిపోయెను.

క్షేత్రయ్య కథ దీనికి సరిగ నెదురు. పదునేడవ శతాబ్దివాఁడైన యీ పదకర్తకు రాగిరేకులు లేవు. ఆతని పదములను మోచినవారు దేవదాసీలును, నట్టువులును, గాయకులును. మేరువపదమని ప్రసిద్ధికెక్కిన పదమున నాతఁడు మధుర తిరుమలనాయకుని, తంజావూరి విజయరాఘవనాయకుని, గోలకొండ పాదుషాను బేర్కొని యేయే కొలువున నెన్నేసి పదములు చెప్పెనో లెక్క గట్టెను. ఆ లెక్క నాలుగువేలు దాఁటును. నేఁటికి దక్కినవి కొన్ని వందలు మాత్రమే. దక్కినవానిలోను, మువ్వగోపాలుని పేరున్నంతమాత్రమున నాతనివే యని నిర్ధరింపరానివి కలవు. మేరువపదము లెక్కను గాపాడినది. ఏది తనదో పట్టిక యీయలేదు. అయినను ఆ పదములకుఁ బాడు గొంతు లెన్నఁడును గఱవు గాలేదు. అభినయమునకు నోఁచుకొన్న తెలుఁగు పదములలో వానికిఁ గల స్థానము పండితులకుఁ జెప్ప నక్కఱలేదు. దాఁచిన పాట చెడక నిలిచి మూగవోయినది. పాడిన పాట కొంత కలఁతవడి బ్రదికినది.

ముద్రలో స్వనామము నిలిపిన త్యాగరాజుగతి మేలైనదా యని యడుగవచ్చును. 1767 మొదలు 1847 వఱకు జీవించిన యా మహనీయుని కృతులను ఉమయాళ్పురము, తిల్లస్థానము, వాలాజాపేట శిష్యులు మూఁడు పరంపరలుగ నిలిపిరి. వాలాజాపేట వేంకటరమణభాగవతుల వంశమువారి వ్రాఁతప్రతులు వానిలో మిక్కిలి ప్రమాణములు. అయినను ఒక్క కృతికే పరంపరకొక పాఠాంతరము గలదు. త్యాగరాజముద్ర గలిగియు నే పరంపరయందును జిక్కని కృతులును గలవు. దీనికిఁ గారణము ముద్ర స్వభావములోనే యున్నది. ముద్ర యొక యుపాంగము; కొన్ని మాత్రల కొలఁదిది. ఆ మాత్రలకు సరిపడు మఱియొక పేరు నందుఁ గూర్చుట తాళజ్ఞానముగల యెవనికైనను సాధ్యమే. తన పాటలోఁ బెద్దవారి పేరు దూర్చుటయు నంతే సులభము. మొదటిది చౌర్యము, రెండవది యారోపణము. వేమన మకుటమున నెందఱు తమ పద్యములను నడిపిరో లెక్క పెట్టుట దుస్సాధ్యము. రామదాసు ముద్రను దీసికొన్నచో అది భక్తు లెల్లరకుఁ జెల్లు సామాన్యనామము. కంచర్ల గోపన్న కొకనికే కట్టుపడదు. ముద్ర పాటకు సాక్షి యగును గాని కావలివాఁడు గాఁజాలదు. ఆ సాక్షియు నెవరు నేర్పిన మాట నైనఁ బలుకు సాక్షి.

పూర్వము రాజాశ్రయమున్న దినములలోఁ బాట పోయినచోఁ బదకర్తకుఁ బోవునది ప్రధానముగ యశము. 1902లో భారతదేశమున గ్రామఫోను ముద్రణ మారంభమైన పిమ్మట పాట సరకైనది. పలకలోఁ జేరిన పాట వేయియిండ్లలో మ్రోఁగును. దాని వెల యెవరికి ముట్టునో పాడినవాఁడే యెఱుఁగఁడు. భయము యశముమీఁదినుండి కూటిమీఁదికి దిగినది. ఇంగ్లండునందలి 1911 నాఁటి శాసనమును బట్టి 1914లో నిచ్చట నొక శాసనము వచ్చినది. స్వాతంత్ర్యానంతరము చేసిన 1957 నాఁటి గ్రంథస్వామ్య శాసనము 1958 జనవరి 21వ తేది నుండి యమలైనది.

ఈ శాసనమును బండితు లొకసారి పరికించినచో నాశ్చర్యకరమగు పోలికలు గనఁబడును. మాటలకు సాహిత్యకృతి యనియు, స్వరరచనకు సంగీతకృతి యనియు రెండు హక్కులు. సంగీతకృతి నిర్వచనములోఁ బాడఁబడు మాటలు చేరవని స్పష్టముగఁ జెప్పఁబడినది. ఇది శార్ఙ్గదేవుని మాతుధాతు విభాగమే. ఒక నాటకమునకు నొక చలనచిత్రమునకు నడుమ నడచిన వ్యాజ్యమున 1978లో సర్వోన్నత న్యాయస్థానము, వస్తువునకు భావమునకు హక్కు లేదనియు, వెలువరించిన రూపమునకే హక్కనియుఁ దీర్పు చెప్పెను. ఇది ఆనందవర్ధనుని తుల్యదేహిన్యాయమునకు సన్నిహితము. కర్తృత్వమును జెప్పుకొనుటకును, తన గౌరవమునకు భంగము గలుగునట్లు కృతిని వికృతముచేయుటను నివారించుటకును, హక్కు లమ్ముకొన్న తరువాతఁ గూడఁ గర్తకు నధికారము గలదని 57వ పరిచ్ఛేదము చెప్పుచున్నది. పేరును నిలుపు నీ యధికారము ముద్రకు వారసురాలు.

కృతిని ప్రభుత్వపు పట్టికలో నమోదు చేయించుటకు శాసనమున నేర్పాటున్నది. కాని నమోదు హక్కును బుట్టింపదు. పాట వ్రాసినక్షణమే హక్కు పుట్టును. నమోదు దానికి సాక్ష్యము మాత్రమే. కొందఱు పదకర్తలు తమ పాటను గవరులోఁ బెట్టి తమకే తపాలాలో నంపుకొని, విప్పక దాఁచుకొందురు. ఆ తపాలా ముద్ర తమ్ముఁ గాపాడునని వారి నమ్మకము. అంటింపని కవరును ముందుగ నంపుకొని పిదపఁ బాటను జొప్పింపవచ్చును గనుక నట్టి సాక్ష్యమునకు బలము తక్కువ. ఇది రాగిరేకునకు పేద చుట్టము. అంతకంటె, అచ్చుపడిన తేదియు, పదుగురు విన్న సభయు, నమోదుపత్రమును మేలు. అపహరింతు రను వెఱపుతోఁ బాటను బెట్టెలోఁ బెట్టి తాళము వేసినవాఁడు తన భాండారమునఁ దానే మూగవోవును. వెలువడిన పాటకే సాక్షులుందురు.

దొంగలకంటె బలీయమైన భయము మఱియొకటి కలదు. అది యొడంబడిక. చలనచిత్రములలో వరుస ముందు, మాట వెనుక. అనగా నేఁటి గేయకర్త చాలవఱకు కుట్టికారుఁడే. ఒకనాఁడు తరగతి తక్కువైన పని నేఁడు వృత్తియైనది. 1977లో సర్వోన్నత న్యాయస్థానము, వేఱొడంబడిక లేనిచోఁ జిత్రమునకై వ్రాసిన పాటపై హక్కు నిర్మాతకే చెందునని తేల్చెను. ముప్పదియైదేండ్లు గడచిన పిమ్మట 2012 నాఁటి సవరణము, చిత్రశాలలోఁ బ్రదర్శించుట తప్పఁ దక్కిన యుపయోగములపై వచ్చు రాయితిలో మాటలవానికి వరుసవానికి సమభాగము నిచ్చి, ఆ భాగమును వారసులకో స్వామ్యసంఘమునకో తప్ప నెవరికిని వ్రాసియీయఁ గూడదని కట్టుదిట్టము చేసెను. పొట్టకూటికై సంతకము చేయువానిని వాని సంతకమునుండియే కాపాడిన శాసనమిది. ముద్ర యెన్నఁడును జేయలేని పని.

శాసనమునకు నందని చోటులు రెండు మిగిలియున్నవి. ఒకటి జానపదగేయము. బతుకమ్మపాటకు, ఊడ్పుపాటకు, ఉయ్యాలపాటకు ముద్ర లేదు, కర్త తెలియఁడు, హక్కుదారు లేఁడు. 2021లో ‘లవ్ స్టోరీ’ చిత్రమునఁ జేరిన ‘సారంగ దరియా’ పాటను గూర్చి, మూలమైన జానపదగీతమును లోకమునకుఁ దెచ్చినవా రెవరను వివాదము పత్రికల కెక్కినది. కర్త లేని పాటకు సేకరించినవారి పేరును, ఏ యూర నెవరి నోట విన్నదియు చెప్పుటయే ముద్ర. అది చెప్పకున్నచో శాసనము శిక్షింపదు. కాని సాహిత్యము క్షమింపరాదు.

రెండవ చోటు పండితులకు మఱింత సమీపమున నున్నది. అన్నమయ్య సంకీర్తనములను నేఁడు బడిపిల్లలు సైతము పాడుచున్నారు. ఆ మాటలు అయిదువందల యేండ్లనాఁటివి, ఎల్లరసొత్తు. వరుసలు మాత్రము చాలవఱకు నిరువదవ శతాబ్దివి. ధాతువు పోయిన పాటలకు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి మొదలగు విద్వాంసులు స్వరరచన చేసిరి. వారు కుట్టికారులకు నెదురైనవారు. పరుల మాతువునకుఁ దమ ధాతువును దానము చేసినవారు. శాసనసూత్రమును బట్టి స్వామ్యము కర్త మరణించిన యేఁటి తరువాత అఱువదేండ్లు నిలుచును. అనంతకృష్ణశర్మ 1979లోఁ గీర్తిశేషుఁ డయ్యెను. సాధారణ గణనచేత నాతని స్వరరచనలకు వ్యవధి 2039 తుదివఱకుఁ గలదు. కృష్ణమూర్తి 2014లో దివంగతుఁ డయ్యెను. ఆతని రచనలకు 2074 తుదివఱకు. ఈ లెక్క నెఱిఁగి పాడువా రెందఱు? సభలలో, పాఠశాలలలో, పుస్తకములలో ‘అన్నమయ్య కీర్తన’ యనియే ప్రకటింతురు. వరుస కట్టినవాని పేరు జాఱిపోవును. ఇది పూజ్యభావముతోఁ జేయు హరణము. పెద్దపేరు నీడలోఁ జిన్నపేరు గనఁబడకపోవుటయే దీనికి హేతువు. బాణుఁడు చెప్పిన గుఱుతులు కప్పిపుచ్చుట బుద్ధిపూర్వకము; ఇది యజాగ్రత్త. ఫలము మాత్ర మొక్కటే.

అనుకరణము నుచ్ఛిష్టమని నిందించిన పదకర్త పాటకే పరుని స్వరరచనను జేర్చి, ఆ పరుని పేరు దాఁచి పాడుట యాతని ధర్మమునకే విరుద్ధము. పాట నేర్పు పండితుఁడు మాట యెవరిదో, వరుస యెవరిదో, ఎవరివలన విన్నదో తొలుత మూఁడు ముక్కలు చెప్పి పిదపఁ బల్లవి యెత్తుకొనినచో, ముద్ర విడిచిన పనియు శాసన మందుకొనలేని పనియు నచ్చటనే నెఱవేఱును. దానికి న్యాయస్థానమక్కఱలేదు, రాగిరేకు నక్కఱలేదు.